నివురు తీసే వేళ



మా అమ్మమ్మ ఇంట్లో అగ్గిపెట్టె ఉండేది. కానీ పొయ్యి వెలిగించడానికి ఆమె దాన్ని ముట్టుకున్న రోజులు చాలా తక్కువ. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక, అంట్లు బయట పెట్టేశాక, పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని పుల్లతో ఒక మూలకి చేర్చేది. మధ్యలో ఒక పిడక ముక్క పెట్టేది. దాని మీద బూడిద పోసేది, పసిపిల్లకి దుప్పటి కప్పినంత నెమ్మదిగా. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆ నివురు పక్కకి తీస్తే లోపల పిడక ఎర్రగా కనిపించేది. రెండు కందిపుల్లలు అందించి ఊదుగొట్టంతో ఊదితే మంట లేచేది. నీళ్ల కుండ ఎక్కించి, ఆ పొయ్యి ముందే మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకునేది. ఆమెకి చదువు రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఓ ముప్పై నోటికి వచ్చు. పొయ్యి వెలుగులో ఆమె పెదవులు కదలడం, నేను పక్క మీంచి ఒక కన్ను తెరిచి చూడడం, ఇవే నా భక్తి పాఠాల్లో మొదటివి.

నిప్పుని అలా కప్పడానికి చెయ్యి తిరిగి ఉండాలి. బూడిద మరీ ఎక్కువైతే ఊపిరాడక ఆరిపోతుంది. తక్కువైతే రాత్రికి రాత్రే రగిలిపోయి, తెల్లారేసరికి ఏమీ మిగలదు. ఎప్పుడైనా అమ్మమ్మ లెక్క తప్పితే పక్కింటికి వెళ్లి ఇనప గరిటెలో రెండు నిప్పులు అడిగి తెచ్చుకునేది. అందులో ఆమెకి చిన్నతనం ఏమీ ఉండేది కాదు. రేపు వాళ్లే మనింటికి వస్తారు కదా అనేది.

ఈ రోజు నేను మీతో మాట్లాడాలనుకున్న సంగతి, రోజూ ఉండే పనుల మధ్య, వచ్చిపడే కష్టాల మధ్య మన విశ్వాసం చల్లారకుండా ఎలా ఉంటుంది అని. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. ఉజ్జీవ కూడికల్లో కన్నీళ్లు పెట్టుకుని, తీర్మానాలు చేసుకుని, ఇంటికొచ్చి వారం తిరక్కుండానే మామూలైపోయిన అనుభవం నాకు ఒకటి రెండు సార్లు కాదు, చాలాసార్లు ఉంది. మీలో చాలామందికి కూడా ఉండి ఉంటుంది. ఆసక్తి అంటే లోపల పుట్టే ఒక పొంగు అనీ, అది వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు రాదనీ చాలాకాలం అనుకున్నాను. ఆ పొంగు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న సంవత్సరాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అమ్మమ్మ ఏ రోజూ మంట దానంతట అది లేస్తుందేమోనని కూర్చోలేదు.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయం ఒకసారి తీసి చూడండి. అక్కడ ముందు తిమోతి అమ్మమ్మ లోయి పేరు వస్తుంది, తరువాత తల్లి యునీకే పేరు వస్తుంది, వాళ్లలో ఉన్న నిష్కపటమైన విశ్వాసం గురించిన మాట వస్తుంది. దాని తరువాతి వచనంలోనే, నీలో ఉన్న దేవుని వరాన్ని రగిలించుకో అంటాడు. అక్కడ వాడిన గ్రీకు మాటకి అర్థం, ఉన్న నిప్పుని మళ్లీ మండేలా చేయడం. అమ్మమ్మ పేరు పక్కనే నిప్పు మాట ఉండడం నాకెంత సంతోషం కలిగించిందో చెప్పలేను. నిప్పు లోయి ఇంటినుంచి వచ్చింది. ఊదుకోవలసింది మాత్రం తిమోతి.

ఆ మాట రాసిన మనిషి ఎలాంటి స్థితిలో ఉన్నాడో కూడా చూడాలి. రోమాలో చెరసాల. దేమా విడిచి వెళ్లిపోయాడు. లూకా ఒక్కడే తోడున్నాడు. అదే పత్రిక చివర్లో పౌలు ఒక చిన్న మనవి చేసుకుంటాడు. త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన తన అంగీ తెచ్చిపెట్టమంటాడు, పుస్తకాలు తెమ్మంటాడు, శీతకాలం రాకముందే రమ్మంటాడు. అంటే చలికి వణకబోతున్న ఒక ముసలి ఖైదీ, దూరంగా ఉన్న కుర్రవాడికి, బాబూ నీ నిప్పు చూసుకో అని రాస్తున్నాడు. కష్టాలు తీరాక భక్తి సంగతి చూద్దాం అనుకునే మనందరికీ ఈ ఉత్తరం కావాలి. పౌలుకి కష్టం తీరలేదు, కోటు కూడా ఇంకా రాలేదు.

లేవీయకాండం ఆరో అధ్యాయంలో బలిపీఠం మీది అగ్ని గురించి ఉంది. అది ఎన్నడూ ఆరకూడదన్న ఆజ్ఞ మనలో చాలామందికి తెలుసు, దాని మీద ప్రసంగాలు విన్నాం. కానీ దానికి ముందున్న పని మీద ప్రసంగం నేను ఎక్కువగా వినలేదు. యాజకుడు పొద్దున్నే నార బట్టలు వేసుకుని రావాలి, వచ్చి చేయవలసిన మొదటి పని బూడిద ఎత్తడం. ఎత్తి బలిపీఠం పక్కన పెట్టాలి. తరువాత ఆ బట్టలు మార్చుకుని, బూడిదని పాళెం బయటికి, శుభ్రమైన చోటికి మోసుకుపోవాలి. ప్రతి ఉదయం కొత్త కట్టెలు పేర్చాలి. ఇశ్రాయేలు యాజకుడి ఉదయం మా అమ్మమ్మ ఉదయంలాగే మొదలైంది!

బూడిద అంటే ఏమిటి? నిన్న మండిన మంటే కదా. నిన్నటి ప్రార్థన, నిన్నటి జవాబు, పదేళ్ల కింద రక్షణ పొందిన రోజు, మొదటిసారి సాక్ష్యం చెప్పినప్పుడు ఒళ్లు జలదరించిన ఆ సాయంత్రం. అవన్నీ నిజమే, అవన్నీ పవిత్రమే. అందుకే ఆ బూడిదని శుభ్రమైన చోట పోయమన్నాడు, చెత్తలో కలపమనలేదు. కానీ దాన్ని బలిపీఠం మీదే పోగుచేసుకుంటే కొత్త కట్టెకి గాలి తగలదు. మా కూడికల్లో ఇరవై ఏళ్ల నాటి సాక్ష్యాన్నే ప్రతిసారీ చెప్పే పెద్దలు ఉన్నారు. నేను వాళ్లని తప్పుపట్టను, ఆ సాక్ష్యం విని బలపడినదాన్నే. కానీ నా మట్టుకు నేను ఒకనాడు లెక్క చూసుకుంటే, ఈ సంవత్సరంలో దేవుడు నాతో చేసిన సంగతి ఒక్కటీ చెప్పలేకపోయాను. ఆ రోజు చాలా భయం వేసింది. నా బలిపీఠం నిండా బూడిదే ఉంది.

తిమోతి పరిచర్య చేసింది ఎఫెసులో. అదే ఎఫెసు సంఘానికి ప్రకటన గ్రంథం రెండో అధ్యాయంలో ఇంకో ఉత్తరం వస్తుంది. మీ కష్టం తెలుసు, మీ ఓర్పు తెలుసు, చెడ్డవాళ్లని సహించలేరని తెలుసు అని మెచ్చుకుని, మొదటి ప్రేమని వదిలేశారు అంటాడు ప్రభువు. పనులన్నీ జరుగుతున్నాయి, సంఘం నడుస్తోంది, బోధ కూడా సరిగ్గానే ఉంది. ప్రేమ మాత్రం లేదు. మరి దానికి మందుగా ఆయన ఏం చెప్పాడో గమనించండి. ఎక్కడినుంచి పడ్డావో గుర్తు చేసుకో, మనసు మార్చుకో, మొదట చేసిన పనులు మళ్లీ చెయ్యి అన్నాడు. మొదట్లో కలిగిన అనుభూతిని తెచ్చుకో అనలేదు, పనులు చెయ్యమన్నాడు. పెళ్లయి నలభై ఏళ్లయిన దంపతులు కూడా ఒకరికొకరు మళ్లీ కాఫీ కలిపి ఇచ్చుకుంటే, పక్కన కూర్చుని రెండు మాటలు అడిగితే, ప్రేమ వెనకే వస్తుంది. ప్రభువుతోనూ అంతే. విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో మీరు ఏం చేసేవాళ్లు? నేను పొద్దున్నే ఒక కీర్తన పాడేదాన్ని. వాక్యంలో అర్థం కాని మాట ఉంటే కాగితం మీద రాసుకుని ఆదివారం అయ్యగారిని అడిగేదాన్ని. పెద్ద పనులేం కావు. అవే మళ్లీ మొదలుపెట్టాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆసక్తి అనగానే మనలో కొందరు గొంతు పెంచడమే అనుకుంటున్నారు. మా నాన్న ఒంగోలు ప్రాంతంలో పొగాకు బ్యారన్‌లో మంట చూసుకునే పని చేశాడు. ఆకు పండించడం ఒక ఎత్తు, కాల్చడం ఇంకో ఎత్తు. లోపల కర్రలకి ఆకు కట్టి వేలాడదీశాక, రోజుల తరబడి, రాత్రీ పగలూ మంటని ఒక లెక్క ప్రకారం పెంచుకుంటూ రావాలి. ఒక్కసారిగా ఎగదోస్తే ఆకు మాడిపోతుంది. నిద్రపోయి మంట తగ్గనిస్తే రంగు చెడుతుంది. ఒక రైతు ఏడాది కష్టం ఆ మంట చూసే మనిషి చేతిలో ఉంటుంది. నాన్న ఆ రోజుల్లో బ్యారన్ పక్కనే నులక మంచం వేసుకుని గంట గంటకీ లేచి ధర్మామీటరు చూసేవాడు. నాకు తెలిసిన ఆసక్తి అది. కూడికలో కేకలు వేసి ఇంట్లో భార్యని విసుక్కునే మనిషి కన్నా, గంటకోసారి లేచి చూసుకునే మనిషి దగ్గర ఆ మంట పనికొస్తుంది. పాట పెద్దగా పాడడం తప్పని నేననను, నాకూ డప్పు కొట్టి పాడే పాటలంటే ప్రాణం. కానీ సోమవారం పొద్దున ఆ వేడి ఎంత ఉందో చూసుకోవాలి.

సోమవారం పొద్దున మన చేతిలో ఫోన్ ఉంటుంది. అలారం ఆపడానికి తీస్తాం. వాక్యం చదువుదామనే తెరుస్తాం, బైబిల్ కూడా అందులోనే ఉంది కదా. ఈలోపు ఎవరో పంపిన శుభోదయం, దాని కింద ఒక వీడియో, పక్కన ఒక వార్త. నా మటుకు నాకు ఒకరోజు అలా నలభై నిమిషాలు పోయాయి. ఒక వాక్యం బొమ్మని పదిమందికి పంపించాను, నేను మాత్రం ఆ వాక్యాన్ని లోపలికి తీసుకోలేదు. ఫోన్ చెడ్డదని నేను చెప్పడంలేదు. దూరదేశంలో ఉన్న పిల్లలతో కుటుంబ ప్రార్థన చేసుకునేది దానితోనే. కానీ పొద్దుటి మొదటి గంటకి నేను ఒక ఏర్పాటు చేసుకున్నాను. ఫోన్ ముందు గదిలో, కాగితం బైబిల్ వంటింట్లో. కాఫీ నీళ్లు మరిగేలోపు ఒక చిన్న భాగం చదువుతాను. అది మధ్యాహ్నం దాకా నోట్లో నలుగుతూ ఉంటుంది. మూడు నెలలు కష్టంగా ఉంది. ఇప్పుడు అది లేకపోతే రోజు మొదలైనట్టే ఉండదు.

మన పెద్దలు ఆ సమయం కోసం ఎంత ఖరీదు చెల్లించారో మనకి తెలియాలి. పందొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో తొలి విశ్వాసులకి సంఘం ముఖ్యంగా మూడు నియమాలు చెప్పింది: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలని పూజించకూడదు. ఆదివారం పని మానడం ఈ రోజు మనకి సెలవు. ఆ రోజు వాళ్లకి అది ఊరి పెద్దలతో తగాదా, దెబ్బలు, కూలి పోవడం, బావి దగ్గరికి రానివ్వకపోవడం. జాతరలో డప్పు కొట్టనన్నందుకు పల్లె మొత్తం పస్తులున్న సందర్భాలున్నాయి. అయినా వారంలో ఒక రోజుని ప్రభువుదని పట్టుకున్నారు. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు ఇప్పటికీ ఇలాంటి ఖరీదే కడుతున్నారు. వాళ్లకి ఆరాధన శుక్రవారం, అదీ యజమాని వదిలితేనే. వదలని వారం బాత్‌రూమ్ తలుపు వేసుకుని అయిదు నిమిషాలు మోకరిస్తానని ఒక అమ్మాయి నాతో చెప్పింది. అది విన్న ఆదివారం నేను మందిరంలో కూర్చుని చాలాసేపు మాట్లాడలేకపోయాను.

సమయం అసలు దొరకని వాళ్ల సంగతేమిటి? పదిహేడో శతాబ్దంలో పారిస్ నగరంలో కర్మెలు సన్యాసుల మఠంలో ఒక వంటవాడు ఉండేవాడు. బ్రదర్ లారెన్స్ అంటారు. యుద్ధంలో గాయపడి కుంటుతూ వచ్చిన సైనికుడు. వంట పని ఆయనకి సహజంగా ఇష్టం లేదు. అయినా ఏళ్ల తరబడి ఆ వంటింట్లోనే చేశాడు. గిన్నెల చప్పుడు మధ్య, ఒకేసారి నలుగురు నాలుగు అడుగుతున్నప్పుడు కూడా మోకాళ్ల మీద ఉన్నంత ప్రశాంతంగా దేవునితో ఉండడం నేర్చుకున్నాడు. పెద్ద ప్రార్థనలేవీ లేవు, పని మధ్యలో మనసుని ఆయన వైపు తిప్పుకోవడం, అది జారిపోతే విసుక్కోకుండా మళ్లీ తిప్పుకోవడం. తరువాత కాలంలో ఆయనకి మఠంలో చెప్పులు బాగుచేసే పని ఇచ్చారు. 1691లో చనిపోయాడు.

చెప్పులు అనగానే నాకు మన సంగతి గుర్తొస్తుంది. ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసుల జీవితాల మీద ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసింది. దాని పేరుని తెలుగులో చెప్పాలంటే ‘చెప్పులు కుడుతూ’. వాళ్లు తోలు పని చేసుకునేవాళ్లు, చెప్పులు కుడుతూ, పక్కన కూర్చున్నవాళ్లకి తాము విన్న దేవుని మాట చెప్పుకునేవాళ్లు. తాళ్లకొండపాడుకి చెందిన యర్రగుంట్ల పేరయ్య అలాంటివాడే, తోళ్ల వ్యాపారం చేసుకుంటూ సత్యం కోసం వెతికినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని, చదువు లేకపోయినా కాలినడకన పల్లె పల్లెకీ తిరిగాడు. పారిస్ మఠంలో ఒక కుంటి సన్యాసి, కనిగిరి వైపు ఒక తోలు వ్యాపారి. ఒకరి పేరు ఒకరికి తెలియదు. ఇద్దరి చేతుల్లోనూ తోలు వాసనే.

పేరయ్య కన్నా ముందటి సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఎదురుచూసి అలిసిపోయినవాళ్లు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. నెల్లూరులో 1840లో బాప్తిస్టు మిషన్ మొదలయింది. ఏళ్లు గడిచినా ఫలితం పెద్దగా కనిపించలేదు. 1853లో అమెరికాలో దాన్ని మూసేద్దామా అన్న చర్చ కూడా జరిగింది. ఆ సంవత్సరం చివర లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు వచ్చారు. నర్సు, జూలియా, రూతు అని ఆ ముగ్గురి పేర్లు. 1854 జనవరి 1న, చీకటి వీడకముందే ఆ అయిదుగురూ ఊరి పక్క కొండెక్కి, ఒకరి తరువాత ఒకరు ప్రార్థన చేశారు. ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపించమని అడిగారు. ఆ కొండకి ఇప్పుడు ప్రార్థన కొండ అని పేరు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా అక్కడినుంచి నేరుగా 1878 నాటి బాప్తిస్మాలకి దూకుతారు. నాకు మాత్రం ఆ మధ్య కాలం మీదే మనసు పోతుంది. 1855లో ఏమీ జరగలేదు. 1856లో జరగలేదు. ఒంగోలుకి ఎవరూ రాలేదు. జ్యూయెట్ అనారోగ్యంతో అమెరికా వెళితే, అక్కడ మళ్లీ మూసేద్దామన్న మాటే. తాను మాత్రం తిరిగి వెళ్లి తెలుగువాళ్ల మధ్యే బతుకుతానని, అవసరమైతే అక్కడే చనిపోతానని పట్టుబట్టాడు. 1865లో తిరిగి వస్తూ జాన్ క్లౌ అనే సేవకుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. క్లౌ 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. కొండ మీది ప్రార్థనకీ ఆ రోజుకీ మధ్య పన్నెండేళ్లు దాటాయి. ఆ పన్నెండేళ్లూ జూలియా ఏం చేసి ఉంటుంది? పొద్దున లేచి ఉంటుంది. వంట చేసి ఉంటుంది. పిల్లలకి అక్షరాలు, ఆడవాళ్లకి వాక్యం చెప్పి ఉంటుంది. ఒంగోలు కోసం మళ్లీ అడిగి ఉంటుంది. బయటికి చూస్తే అంతా నివురే. అమ్మమ్మ చేతి నివురు కూడా అలాగే ఉండేది, చూసేవాళ్లకి చచ్చిన పొయ్యిలా. ఆ నివురు నిప్పుని చంపదు, తెల్లారేదాకా దాచిపెడుతుంది. మీ ఇంట్లో ఒక కొడుకు కోసం, ఒక భర్త కోసం ఏళ్ల తరబడి అడుగుతూ, ఏ మార్పూ కనిపించక, నా భక్తే చచ్చిపోయిందేమో అనుకునే తల్లులారా, జూలియా సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి.

తరువాత 1876లో మొదలై 1878 దాకా సాగిన మహా కరువు వచ్చింది. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే క్లౌ మూడున్నర మైళ్ల మేర పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి కూలి దొరికేలా చేశాడు. సంఘంలోని బోధకులే అక్కడ పని చూసే మేస్త్రీలు. మట్టి తట్టలు మోసి మోసి కూలబడ్డ జనానికి వాళ్లు విశ్రాంతి వేళల్లో చెప్పింది, ప్రయాసపడి భారం మోసేవాళ్లని ప్రభువు తన దగ్గరికి పిలిచిన ఆ మాట గురించి. నెత్తిన తట్ట ఉన్నవాడికి ఆ మాటకి వివరణ అక్కరలేదు. కానీ కరువు సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం ఎవరూ విశ్వాసంలోకి రాకూడదని. సాయం పని అయిపోయాక, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేనప్పుడు, జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా అమ్మమ్మ తరం విశ్వాసం ఆ ఏటి నీళ్లలోంచే వచ్చింది.

ఇక నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ల కింద మా ఆయనకి పక్షవాతం వచ్చింది. పదకొండు వారాలు ఆసుపత్రిలో ఉన్నాం. మొదటి వారం బాగా ప్రార్థించాను. రెండో వారంలో మాటలు అయిపోయాయి. కీర్తనల గ్రంథం తెరిస్తే అక్షరాలు కనిపించేవి గాని మాట లోపలికి పోయేది కాదు. రాత్రుళ్లు వరండాలో చాప మీద పడుకుని, ముప్పై ఏళ్లు ఆదివారం బడి చెప్పినదాన్ని, నా దగ్గర దేవునికి చెప్పడానికి ఒక్క వాక్యం లేదే అని ఏడ్చేదాన్ని. సిగ్గేసేది. ఆ సిగ్గు వల్ల ఇంకా దూరం జరిగేదాన్ని.

అప్పుడు ఏలీయా కథ నాకు వేరుగా అర్థమైంది. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగడం చూసిన మనిషి, కొద్ది రోజులకే అరణ్యంలో చెట్టు కింద పడుకుని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు అతన్ని కోప్పడలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి చూపించింది. తిని మళ్లీ పడుకున్నాడు. మళ్లీ లేపింది, ప్రయాణం నీ శక్తికి మించినది, ఇంకా తిను అంది. కర్మెలు మీద అంత పెద్ద మంట. చెట్టు కింద రొట్టె కాలేంత చిన్న నిప్పు. అలిసిన మనిషికి ఆ రోజు కావలసింది రెండోదే.

నా దగ్గరికి వచ్చిన దూత మా సంఘంలో కూరగాయలు అమ్మే ఒకామె. సాయంత్రం బుట్ట ఖాళీ అయ్యాక బస్సెక్కి వచ్చేది. చారన్నం క్యారియర్ నా ముందు పెట్టేది. తిన్నావా వదినా అని అడిగి, తినేదాకా కదిలేది కాదు. తరువాత నా చెయ్యి పట్టుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసి, చివరి బస్సుకి వెళ్లిపోయేది. నేను ఆమెన్ అనేదాన్ని, అంతే. ఆ పదకొండు వారాల్లో నాకున్న ప్రార్థన ఆ ఒక్క ఆమెన్. అమ్మమ్మ పక్కింటినుంచి గరిటెలో తెచ్చుకున్న నిప్పు నాకు ఆసుపత్రి వరండాలో దొరికింది. అందుకే సంఘం వద్దు, ఇంట్లోనే భక్తి చేసుకుంటాం అనేవాళ్లని చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. మీ నిప్పు ఆరిన రోజు ఎవరి గుమ్మం తొక్కుతారు? మీ ఇంట్లో నిప్పు ఉన్న రోజు గరిటె పట్టుకుని మీ గుమ్మానికి ఎవరు రావాలి?

స్వస్థత కోసం అందరం అడిగాం. మా ఆయన నడిచారు గాని కుడి చెయ్యి తిరిగి రాలేదు. ఆ తరువాత నాలుగేళ్లు ఎడమ చేత్తో అన్నం తిని, ఎడమ చేత్తో బైబిల్ పేజీలు తిప్పి, ప్రభువు దగ్గరికి వెళ్లారు. ఆ నాలుగేళ్లలో మా ఇంట్లో జరిగినంత ప్రార్థన అంతకుముందు ముప్పై ఏళ్లలో జరగలేదు.

యోహాను సువార్తలో బొగ్గుల నిప్పు రెండుసార్లు కనిపిస్తుంది. మొదటిది ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో. చలిగా ఉంటే పేతురు ఆ నిప్పు దగ్గర చేతులు కాచుకుంటూ, నేను ఆయన శిష్యుణ్ణి కానన్నాడు. రెండోది చివరి అధ్యాయంలో, తిబెరియ సముద్రం ఒడ్డున. పేతురు మళ్లీ వలల దగ్గరికి వెళ్లిపోయాడు. రాత్రంతా వేటాడితే ఒక్క చేపా పడలేదు. తెల్లవారుతుండగా ఒడ్డున ఎవరో నిలబడి ఉన్నారు. ప్రభువని తెలియగానే పేతురు నీళ్లలోకి దూకాడు. ఒళ్లంతా తడిసి ఒడ్డెక్కేసరికి అక్కడ బొగ్గుల నిప్పు ఉంది, దాని మీద చేపలున్నాయి, రొట్టె ఉంది. ఆ నిప్పు పేతురు రాజేసింది కాదు. తనకన్నా ముందే లేచి ఎవరో పొయ్యి సిద్ధం చేశారు. ఆయన పేతుర్ని మొదట ఏమీ అడగలేదు. వచ్చి తినమన్నాడు.